ఈశాన్యానికి వాలిన రేడియేటర్

— అమ్మమ్మా, మా కొత్త ఇంట్లో రేడియేటర్ మార్పించాం కదా. అది సగం హాట్‌గా ఉంది, సగం కోల్డ్. ప్లంబర్ రెండు టైమ్స్ వచ్చి చూశాడు, ఏమీ తెలీలేదు. నీ పాత ఇంట్లో కూడా ఇలాగే అయిందని మమ్మీ చెప్పింది. అప్పుడు నువ్వు ఏం చేశావు?

అయ్యో, మీ అమ్మ అది కూడా చెప్పేసిందా? దానికి అప్పటికి నాలుగేళ్ళు, దానికేం తెలుసని. మంకీ క్యాప్ ఒక్కటే గుర్తుండి ఉంటుంది. ఆగు, ఆ ఫోను అలా నా మూతి దగ్గర పెడితే నాకు మాట రాదు. కాస్త ఇవతల పెట్టు, ఆ పచ్చడి జాడీ పక్కన. ఆఁ. మీ తాతయ్య పడుకున్నారు కదా? పడుకోనీ. ఆయన లేచి ఉంటే ఈ ముచ్చట నన్ను చెప్పనివ్వరు, మధ్యలో దూరి తన పక్క వాదిస్తారు.

ముందు పని చెప్తాను, తర్వాత కథ. మీది ఒక పైపు రేడియేటరా, రెండు పైపులదా? ఒకటేనా, ఆవిరిదా. అయితే విను. కింద వాల్వ్ ఉంటుంది చూడు, అది పూర్తిగా తెరిచి ఉండాలి. మనవాళ్ళు ఆదా అని సగం తిప్పి పెడతారు, అలా పెట్టకూడదు. అటు చివర చిన్న బుడిపె ఉంటుంది, అందులోంచి సుయ్యిమని గాలి బయటికి పోవాలి. దాని మీద కూడా పెయింట్ వేసేసి మూసేశారేమో చూడు. ఈ రెండూ బాగానే ఉంటే రసమట్టం తెచ్చి రేడియేటర్ మీద పెట్టు. రసమట్టం అంటే, మేస్త్రీలు పెడతారు చూడు, గాజు గొట్టంలో బుడగ అటూ ఇటూ పోతూ... లెవెలా? ఆఁ, అదే. రేడియేటర్ ఒక్క పిసరు పైపు వైపుకి వాలి ఉండాలి. అటు వాలిందా, ఇల్లు వెచ్చగా ఉంటుంది. ఇటు వాలిందా, అంతే సంగతులు. ఈ మాట నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదమ్మా, నా మీదకి తెచ్చుకుని నేర్చుకున్నాను.

మేం బూంటన్‌లో ఆ ఇల్లు కొన్నది ఎనభైలో. కాదు కాదు, మీ అమ్మకి నాలుగు వచ్చాయంటే ఎనభై ఒకటి అయ్యుండాలి. సరే, ఎనభై ఒకటే అనుకో. అంతకుముందు పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్. అక్కడ వేడి దానంతట అదే వచ్చేది, ఎక్కణ్ణించి వస్తుందని ఎవరూ అడిగేవాళ్ళు కారు. తాతయ్యది ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రోగ్రామర్ ఉద్యోగం. అప్పట్లో తెలుగువాళ్ళు ఇప్పట్లా వీధికి పదిమంది లేరు. టెలిఫోన్ బుక్ ముందేసుకుని రావులూ రెడ్లూ ఎవరున్నారా అని వెతికి, మనవాళ్ళేనా అని ఫోన్ చేసేవాళ్ళం, నవ్వకు. కందిపప్పు కావాలంటే శనివారం పొద్దున్నే లేచి న్యూయార్క్ పోవాల్సిందే. కారు గ్యాస్, అదే పెట్రోలు, గాలన్ డాలరు దాటిందని తాతయ్య ఆ పప్పు కోసం నెలకి ఒక్కసారే బయల్దేరేవారు. ఆ ఇల్లు పాతది, చెక్కమెట్లు, పెద్ద పెద్ద కిటికీలు. చూడగానే నాకు తెగ నచ్చేసింది.

ఎందుకు నచ్చిందో చెప్తాను. నేను పెళ్ళికి ముందు తెనాలిలో చిన్నపిల్లల బడిలో రెండేళ్ళు టీచరుగా చేశాను కదా. ఇక్కడికొచ్చాక నా చదువు ఎవరికీ పనికిరాలేదు. ఎక్కడికెళ్ళి అడిగినా నవ్వి పంపేసేవాళ్ళు. అలాంటప్పుడు డాక్టర్ వసంతగారని, గుంటూరావిడ, ఆవిడా ఆయనా ఇద్దరూ హాస్పిటల్లోనే, వాళ్ళకి మూడేళ్ళ కవలపిల్లలు. ఒకరోజు ఎవరింట్లోనో భోజనాల దగ్గర ఆవిడ నన్ను పక్కకి పిలిచి, రాజ్యంగారూ, మా పిల్లల్ని పగలు మీరు చూసిపెడతారా అని అడిగింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు, సంతోషానికి. ఆ ఇంటి ముందుగది చూశావా, అది నా బడి. గోడలకి రంగుకాగితాలు, కింద పెద్ద కార్పెట్, మీ అమ్మా, ఆ కవలలిద్దరూ. ఇంకా ఇద్దరు ముగ్గురు తల్లులు అడుగుతున్నారు. అయితే ఎక్కువమంది పిల్లల్ని పెట్టుకోవాలంటే కౌంటీ వాళ్ళ కాగితం ఉండాలి, కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. వాళ్ళ ఆఫీస్ నుంచి ఒకావిడ వచ్చి ఇల్లంతా చూస్తుంది, మెట్లు, బాత్రూము, పొయ్యి, గదిలో వేడి సరిపోతుందా లేదా. అమెరికా వచ్చి ఆరేళ్ళకి నాదంటూ ఒక పని దొరికింది. అది పోతుందేమోనని నాకు ఎప్పుడూ గుండెల్లో రాయి పడినట్టే ఉండేది.

అదిగో, అప్పుడే ముందుగదిలో పాత రేడియేటర్ పగిలింది. అక్టోబర్ అనుకుంటా. కార్పెట్ అంతా తుప్పునీళ్ళు. ఎవరో చెప్తే స్టాన్లీ అని ఒక ప్లంబర్ని పిలిపించాం. స్టాన్లీ అన్నది ఆయన పేరే, ఇంటిపేరు పోలండ్ పేరు, నాకు నోరు తిరిగేది కాదు. అరవై దాటినాయన, చేతులు ఇంతేసి ఉండేవి, మాట మాత్రం మెత్తన. పాతది తీసేసి, అంతకంటే కాస్త పొట్టిది, కొత్తది పెట్టాడు. పెట్టి, నన్ను పిలిచి, ఇదిగో అమ్మా, ఆవిరి ఈ పైపులోంచి వస్తుంది, లోపల చల్లారి నీళ్ళవుతుంది, ఆ నీళ్ళు ఇటు పోతాయి అని వేలు పెట్టి చూపించాడు. ఆయన ఇంకా ఏదో చెప్పాడు. నాకు ఆయన ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, నాది ఆయనకి పావు. నా చెవిన పడింది ఒక్కటే. నీళ్ళు ఇటు పోతాయి. ఇటు అంటే ఎటు? పడమరకి.

నీకు వాస్తు అంటే తెలుసా? యూట్యూబ్‌లో చూశావా, సరిపోయింది. మా పెదనాన్న ఉండేవారు. ఎవరు ఇల్లు కట్టినా ఆయనకి చూపించాల్సిందే. మేం ఇల్లు కొన్నామని తెలిసి ఏరోగ్రామ్ రాశారు. సంతోషించాను అని రెండు లైన్లు, మిగతా కాగితమంతా వాస్తు. చోటు చాలక అంచుల మీద, అంటించే మడతల మీద కూడా రాశారు. అందులో ముఖ్యమైన మాట, ఇంట్లో నీళ్ళు ఈశాన్యానికి పారాలి, అటు కాకుండా ఇంకెటు పారినా చేతికందింది నోటికందదు అని. తాతయ్యకి ఆ వాస్తు అంటే ఒళ్ళు మంట. అమెరికా వాడికి ఈశాన్యం లేకపోయినా చంద్రుడి మీదకి పోయొచ్చాడు అని ఎగతాళి చేశారు.  నేను మాత్రం లోపల లెక్కేసుకున్నాను. ఇల్లు కొన్న మూడు నెలల్లో ఆయనకి రావాల్సిన ప్రమోషన్ ఇంకొకడికి పోయింది. కారు వానకి జారి ఎదురింటి మెయిల్‌బాక్స్‌ని గుద్దింది. ఆ కౌంటీ ఆవిడ వస్తానని రెండుసార్లు రాలేదు. సింకులో నీళ్ళు పోయేది నైరుతికి, దాన్ని నేను మార్చలేను. ఈ రేడియేటర్ ఒక్కటైనా మార్చగలను కదా అనిపించింది. ఉత్తరం గోడ కింద ఉంది, పడమటి చివర పైపు, తూర్పు చివర సరిగ్గా ఈశాన్యం మూల. పడమటి వైపు కాస్త ఎత్తితే చాలు.

ఎలా ఎత్తానంటావా? తాతయ్య ఆఫీసుకి పోయారు, పిల్లలు నిద్రపోయారు. బేస్‌మెంట్‌లో ఒక పొడుగాటి చెక్క బద్ద ఉంటే తెచ్చాను. ఒక ఇటుక పెట్టి, దాని మీద బద్ద పెట్టి, అవతలి కొస మీద కూర్చున్నాను. మా నాన్న దిగబడిన బండిని అలాగే లేపేవారు. లేచింది. ఏం పెట్టాలా కాళ్ళ కింద అని చూస్తే క్యారమ్స్ డబ్బా కనిపించింది. ఒక కాలి కింద నల్ల కాయిన్ పెట్టాను. రెండో దాని కింద ఎర్రది పెట్టాను, శుభం కదా అని. చీర కొంగుతో దుమ్ము తుడిచి, దణ్ణం పెట్టుకుని, ఇక అన్నీ మంచిరోజులే అనుకున్నాను.

ఆ సాయంత్రం బాగానే వేడి వచ్చిందమ్మా, అక్కడే వచ్చింది చిక్కు. మర్నాడు పొద్దున చూద్దును కదా, పైపు దగ్గర రెండు మడతలు వేడి, మిగతాదంతా చచ్చిన చేపలా చల్లన. పైగా చప్పుడు. లోపల ఎవడో సుత్తి పెట్టి కొడుతున్నట్టు ఠంగుఠంగుమని. కవలల్లో చిన్నవాడు భయపడి నా చంక దిగేవాడు కాదు. తాతయ్య స్టాన్లీకి ఫోన్ చేశారు, రేపొస్తానన్నాడు.

ఇక్కడ నా తెలివి విను. ఆయన వచ్చే ముందు నేను బద్దా ఇటుకా తెచ్చి ఆ కాయిన్లు తీసేశాను. ఎందుకంటే సిగ్గు. దొర చూస్తే ఏమనుకుంటాడో, మన దేవుళ్ళని చూసి నవ్వుతాడేమో అని. ఆయన వచ్చాడు, రసమట్టం పెట్టాడు, సరిగ్గానే ఉంది. బేస్‌మెంట్లోకి దిగి బాయిలర్ చూశాడు, దానికుండే నీళ్ళమట్టం గాజు గొట్టం చూశాడు. ఆ గాలి బుడిపె విప్పి కొత్తది బిగించాడు. అరగంటలో రేడియేటర్ ఈ చివర నుంచి ఆ చివర దాకా కాలిపోతోంది. ఆయన తృప్తిగా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను తలుపేసి మళ్ళీ కాయిన్లు పెట్టేశాను. మర్నాటికి మళ్ళీ మొదలు, ఠంగుఠంగు.

ఇలా ఒకసారి కాదు, మూడుసార్లు. నీకు నవ్వొస్తోంది, నాకు అప్పుడు తట్టలేదంటే నమ్ము. పిల్లాడికి ఇంట్లో జ్వరం కాల్చేస్తుంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళగానే తగ్గిపోతుంది చూడు, ఇదీ అలాంటిదే అనుకున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన బాపతు. స్టాన్లీ రెండోసారి వాల్వ్ మార్చాడు. మూడోసారి కింద పైపుకి వాలు సరిగా లేదేమోనని బేస్‌మెంట్ కప్పు అంతా పాకి చూశాడు, ఆ వయసులో. వచ్చిన ప్రతిసారీ వేడి వచ్చేది, ఆయన వెళ్ళగానే పోయేది. తాతయ్య మాత్రం థర్మోస్టాట్ తిప్పడం, తిట్టడం, ఈ రెండే పనులు.

ఈలోగా నవంబర్ అయిపోయింది. ముందుగదిలో థర్మామీటర్ పెడితే అరవై ఫారన్‌హీట్ కూడా చూపించట్లేదు. ముగ్గురు పిల్లలకీ మంకీ క్యాపులు పెట్టి, కోట్లు తొడిగి, ఆ కోట్లతోనే అ ఆలు దిద్దించేదాన్ని. వసంతగారు ఒకరోజు పిల్లల్ని తీసుకెళ్ళడానికొచ్చి, రాజ్యంగారూ, ఇల్లు ఇలా ఉంటే ఎలాగండీ, చిన్నాడికి జలుబు వదలట్లేదు, మేం ఇంకో చోటు చూసుకోవాలేమో అంది. మెత్తగానే అంది. ఆ మాట నన్ను కోసేసింది. అదే వారం కౌంటీ ఆవిడ కాగితం పంపింది, వచ్చే గురువారం తప్పకుండా వస్తున్నానని.

శనివారాలు మా ఇంట్లో క్యారమ్స్ ఆట. నాలుగైదు కుటుంబాలు వచ్చేవి, వసంతగారి వాళ్ళతో సహా. ఎర్ర కాయిన్ కనబడట్లేదని తాతయ్య ఇల్లంతా గాలించారు. పిల్లలు మింగేశారా అని మీ అమ్మ నోట్లో వేలు పెట్టి కూడా చూశారు. చివరికి చొక్కా గుండీకి నా నెయిల్ పాలిష్ పూసి ఆడారు. నేను వంటింట్లో తేలు కుట్టిన దొంగలా గారెలు వేసుకుంటూ కూర్చున్నాను. ఆ ఆట మధ్యలో తాతయ్య అందరితోనూ అన్నారు, ఆ స్టాన్లీ అనేవాణ్ణి ఎవరూ పిలవకండి, కొత్త సరుకు అని పాత ఇనుము అంటగట్టాడు అని. ఆయన మాట అంటే మనవాళ్ళకి గురి. వసంతగారి వాళ్ళూ, ఇంకొకరూ అప్పటికే స్టాన్లీకి పని చెప్పి ఉన్నారు, సరే మేమూ వద్దని చెప్పేస్తాం అన్నారు. ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చినట్టు, నా ఈశాన్యం ఆ ముసలాయన పొట్ట మీదకొచ్చింది. అది నాకు ఆ పూట తెలీదు.

మంగళవారం మధ్యాహ్నం తలుపు కొట్టారు. తీస్తే స్టాన్లీ. ఎవరూ పిలవలేదు, తనంతట తనే వచ్చాడు, ఒక్కసారి మళ్ళీ చూడనివ్వండి అన్నాడు.  కాయిన్లు కిందనే ఉన్నాయి. కాఫీ తాగండి, కూర్చోండి అని ఏదో అన్నాను, ఆయన వినిపించుకోకుండా తిన్నగా పోయి రసమట్టం పెట్టాడు. బుడగ ఒక పక్కకి పోయి కూర్చుంది. ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చ్ వేసి చూసి, ఒక చేత్తో రేడియేటర్ కాస్త లేపి ఆ ఎర్ర కాయిన్ తీశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇదేమిటమ్మా అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగని సంగతులతో సహా చెప్పేశాను. పెదనాన్న, ఏరోగ్రామ్, ప్రమోషన్, మెయిల్‌బాక్స్, అన్నీ. ఏం అర్థమైందో ఏమో, ఆయన నవ్వలేదు. మా అమ్మ కూడా పోలండ్ ఆచారమని ఏటా జనవరిలో ఇంటి గుమ్మం మీద సుద్దతో అక్షరాలు రాసేది, మంచి జరుగుతుందని, కాకపోతే ఆ సుద్ద నీళ్ళకి అడ్డం రాలేదు అన్నాడు. అప్పుడు కాగితం తీసి బొమ్మ గీసి చూపించాడు. ఆవిరి వచ్చేదీ, నీళ్ళు వెనక్కి పోయేదీ ఒకటే పైపులోంచి. నేను అటు ఎత్తేసరికి నీళ్ళు పోవడానికి దారి లేక ఆ చివర నిలబడిపోయాయి. లోపలికొచ్చే ఆవిరి ఆ నీళ్ళకి తగిలి సుత్తిలా కొడుతోంది. అంత తేలిక. ఇన్ని రోజులూ పిల్లల్ని చలికి వణికించింది నేనే. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడాయన ఒక మాటన్నాడు. "నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఈ నెల రోజులూ నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇక పని మానేద్దామని మా ఆవిడతో నిన్ననే అన్నాను." ఇంగ్లీషులోనే అన్నాడులే. మీవాళ్ళు ఇద్దరు ఫోన్ చేసి రావద్దన్నారు, అందుకే ఒక్కసారి చూసి పోదామని వచ్చాను అని కూడా అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

పోతూ పోతూ ఆ రెండు కాయిన్లూ నా చేతిలో పెట్టి, మీ ఆయనకి నేను ఏమీ చెప్పను, వాల్వ్‌లో తుప్పు ఉందని చెప్తాను అన్నాడు. నేను బతికిపోయాననుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, బతికిపోయాననే అనుకున్నాను. ఆ రాత్రికే ఇల్లు వెచ్చబడింది. గురువారం కౌంటీ ఆవిడ వచ్చింది, గదిలో తన థర్మామీటర్ పెట్టి చూసింది, కోటు విప్పి కూర్చుంది, మీ అమ్మ ఇచ్చిన బొమ్మకాఫీ తాగినట్టు నటించింది. వెళ్ళేటప్పుడు అంతా బాగుంది, కాగితం పోస్టులో వస్తుందని చెప్పింది. నాకు ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది.

ఇక్కడితో ఊరుకుంటే సరిపోయేది కదా. శనివారం వచ్చింది. అందరూ వచ్చారు, ఇల్లు వెచ్చగా ఉందని మెచ్చుకున్నారు. తాతయ్య డబ్బా తెరిస్తే ఎర్ర కాయిన్ కనబడింది. అరె, దొరికిందే, అడుగున ఈ ఇనుము మచ్చ ఏమిటి అంటూనే, ఆట పరుస్తూ మొదలుపెట్టారు. చూశారా, నేను గట్టిగా నాలుగు మాటలు అన్నాను కాబట్టి ఆ ముసలాడు తన తప్పు తనే దిద్దుకున్నాడు, వీళ్ళతో అలా ఉండాలి అని. అందరూ తలూపారు. వసంతగారి ఆయన, మేం వేరేవాణ్ణి మాట్లాడుకున్నాం లెండి అన్నాడు.

నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లలున్న గదిలో నిప్పులాంటి ఇనుముని బద్ద వేసి ఎత్తి ఆటకాయలు పెట్టిన మనిషి దగ్గర పిల్లల్ని ఎవరు వదులుతారు? వాళ్ళిద్దరూ డాక్టర్లు. నాకింకా కాగితం చేతికే రాలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, స్టాన్లీ చెప్పడు. కానీ ఆ మనిషి అరచేతిలో కాయిన్ పెట్టుకుని చూసిన చూపు నాకు కళ్ళ ముందు నుంచి పోవట్లేదు.

"తప్పు ఆయనది కాదండీ, నాది" అన్నాను. అని, మొత్తం చెప్పాను. ఆయన వచ్చినప్పుడల్లా కాయిన్లు తీసి దాచానని కూడా చెప్పాను. అదే చెప్పడం కష్టమైంది.

ఎవరో ఒకరు పకపకా నవ్వారు. తర్వాత నలుగురూ నవ్వారు. వసంతగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ పిల్లలకి నిద్రొస్తోందని లేచింది. వాళ్ళు వెళ్ళిపోయారు, గారెలు కూడా ముట్టుకోలేదు. తాతయ్య మొహం చూడాలంటే నాకు భయం. నలుగురిలో ఆయన మాట పోయింది కదా, నా వల్ల.

అందరూ వెళ్ళాక నేను గిన్నెలు కడుగుతున్నాను, ఆయన పక్కన నిలబడి తుడుస్తున్నారు.  అప్పుడు, అంత బరువుది నువ్వొక్కదానివే ఎలా ఎత్తావు అని అడిగారు. నేను చేతులు తుడుచుకుని, బద్దా ఇటుకా తెచ్చి, కొస మీద కూర్చుని చూపించాను. ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేక మెట్ల మీద కూర్చుండిపోయారు. ఇప్పటికీ అలాగే నవ్వుతారు, నువ్వు చూశావుగా. ఆదివారం స్టాన్లీకి ఫోన్ చేశారు. మీ తాతయ్యకి సారీ అన్న మాట ఏ భాషలోనూ రాదమ్మా. నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో రెండోసారి వినలేదు. ఆ రోజు మాత్రం అన్నారు, గోడ వైపు తిరిగి, మెల్లిగా, నాకు వినబడకూడదని.

సోమవారం పొద్దున రోజూ లాగే గది తుడిచాను. రంగు పెన్సిళ్ళు సర్దాను. మీ అమ్మ కవలలు ఎప్పుడొస్తారని అడుగుతోంది, నేనేం చెప్పను? ఎనిమిదింటికి రావాలి, ఎనిమిదీ పది అయింది, ఎనిమిదీ పావు అయింది. కిటికీ దగ్గరే నిలబడ్డాను. అయిపోయిందనుకున్నాను. పోతే పోయింది, కడుపులో ఉన్నది చెప్పేశాను, అది చాలు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఎనిమిదిన్నరకి కారు వచ్చింది. వసంతగారు ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. ట్రాఫిక్ అండీ అంది. కోట్లు విప్పింది, పిల్లల్ని లోపలికి తోసింది, రేడియేటర్ వంక చూడను కూడా చూడలేదు. శనివారం సంగతి ఎత్తలేదు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "రాజ్యంగారూ, ఆ స్టాన్లీ ఫోన్ నంబర్ ఇస్తారా? మొన్న వద్దని చెప్పింది మేమే కదా, నేనే మాట్లాడతాను" అంది.

నేను కాగితం మీద నంబర్ రాసిచ్చాను. ఏడు అంకె ఒకటిలా పడితే మళ్ళీ రాశాను. ఆవిడ కారు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, పిల్లల ముందు ఏడవకూడదని పాట ఎత్తుకున్నాను, అ ఆ పాట. వాళ్ళు ముగ్గురూ వంత పాడారు. ఎంత గట్టిగా పాడారో...

నువ్వేమిటి, ఆ కళ్ళు? పిచ్చిపిల్లా. ఇలా రా. పొరపాటు చెయ్యని బతుకు ఇమ్మని నేను దేవుణ్ణి అడగనమ్మా, అది ఆయన వల్ల కూడా కాదు. చేసినప్పుడు నలుగురిలో చెప్పగలిగే నోరు నీకివ్వాలి. చెప్పిన మర్నాడు కూడా నీ గుమ్మం ఎక్కే మనుషులు నీకుండాలి. పిల్లాపాపలతో చల్లగా... అబ్బే, ఈ దేశంలో చల్లగా ఏమిటి, వెచ్చగా, వెచ్చగా ఉండు తల్లీ.